కరస్థలమున లింగము, చేతిలో తుపాకి

నేర్పుతోను నిజాయితీతోను చంపినంత మాత్రమున ఆ చంపుట ధర్మమగునా? ఈ ప్రశ్న పాతదే. కాని నేడది మన గడపకు కొత్తదారిన వచ్చుచున్నది.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న మన కోనసీమలో కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలేగాని జింకలు తిరుగు అడవులు లేవు. వాటిని చూడవలెనన్న గోదావరికి ఎగువన పాపికొండల దాక పోవలెను. అచ్చటను వేట నిషిద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను కట్టడి చేయగా, 1991 నాటి సవరణ లైసెన్సుతో చేయు వినోదపు వేటను కూడ తొలగించినది. అయితే అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల బిడ్డలు కొందరు అమెరికాలో స్థిరపడిరి. అచ్చట పలు రాష్ట్రములలో వేటకాలమున లైసెన్సు పొంది జింకను పిస్తోలుతో కొట్టుట చట్టసమ్మతము. తోటి ఉద్యోగి వేటకు రమ్మన్నచో లింగధారియైన యువకుడేమి చెప్పవలెను? చట్టము కాదనదు కావున సమాధానము ధర్మమునుండియే రావలెను.

ముందు వారి వాదమును న్యాయముగా వినవలెను. దూరమునుండి రైఫిలుతో కొట్టుట సులభమనియు, పిస్తోలు పట్టినవాడు మృగమునకు మిక్కిలి చేరువ కావలెననియు, అందుకు ఓర్పు, నిగ్రహము కావలెననియు వారందురు. తూటాను సైతము కొందరు స్వయముగా కూర్చుకొందురు. వాడిన ఇత్తడి గొట్టమును శుభ్రపరచి, మందును గ్రెయిన్లలో తూచి పోసి, గుండు బిగింతురు. గ్రెయిను అనగా సుమారు 65 మిల్లీగ్రాములు. అంత సూక్ష్మమైన శ్రద్ధ! జింక బాధపడక తక్షణము కూలవలెనన్నదే తమ ఉద్దేశమందురు. జింకలు మితిమీరి పెరిగి పంటలను పాడుచేయుచున్నవనియు చెప్పుదురు.

ఈ మాటలలో అసత్యము లేకపోవచ్చును. పంటను కాచుకొను రైతు అవసరము వేరు. దానిని వినోదముగా ఎంచుకొనువాని ఉల్లాసము వేరు. అవసరమున చేసిన పనికి మనసు నొచ్చుకొనును. వినోదమున చేసినదానికి పొంగును. ఇక ఓర్పు, శ్రద్ధ, నిగ్రహము అనునవి గొప్ప గుణములే. కాని అవి పనిముట్ల వంటివి. దేనికి వినియోగించితిమన్నదే ప్రశ్న. బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగా నిలిపెను. శరణులు పనిని కాయకమనిరి, ఫలమును పంచుటను దాసోహమనిరి. ఈ రెండు గీటురాళ్లపై పెట్టిచూడుడు. వినోదపు వేట బ్రతుకుతెరువు కాదు, కావున కాయకము కాదు. కొమ్ముల తలను గోడకు తగిలించుకొని చూచుకొను తృప్తి తనకొక్కనికే దక్కును, కావున దాసోహమును కాదు.

అయినచో కన్నప్ప మాటేమని అడుగవచ్చును. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన ఉడుమూరి కన్నప్ప వేటగాడే గదా! నిజమే. కాని మనమాతనిని తలచునది అంబుల గురికి కాదు. లింగము కంట నెత్తురు చూచి తన కన్ను పెకలించి ఇచ్చినందుకు. హరళయ్య వృత్తి తోలుపని. ఆయన దంపతులు బసవన్నకు పాదరక్షలు కుట్టదలచి తమ తొడల చర్మమునే ఒలిచి ఇచ్చిరని మన పెద్దలు చెప్పుదురు. ప్రాణి దేహముపై ఆధారపడి బ్రతికిన ఈ ఇరువురును భక్తి పండిననాడు పరుల దేహమును కోరలేదు; తమ దేహమునే అర్పించిరి. వేటగానికి శివుడు దూరము కాడు. కాని భక్తి అతనిని నడిపిన దిక్కేదో చూడవలెను.

మనము నిత్యము ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి పూజింతుము. అరచేతిని కరస్థలమనుట ఊరక కాదు. ఆ చేయి దేవుని పీఠమని అర్థము. ఆ చేతితోనే సరదాకై ప్రాణము తీయవచ్చునా? తాను పూజించు చైతన్యమే భయముతో చెవులు రిక్కించిన ఆ జింకలోను ఉన్నదని నమ్మినవాడు తుపాకి ఎత్తలేడు.

కావున ఆ యువకుడు మిత్రుని నిందింపనక్కరలేదు, వాదింపనక్కరలేదు. “నా చేతికి వేరొక పని కలదు” అని మర్యాదగా చెప్పిన చాలును. ఇచ్చటనున్న మనమును ఒకటి గమనింపవలెను. దూరదేశపు జింకకై జాలిపడి, మన వరిచేలలో కొంగలకు ఉచ్చులు పన్నువారిని చూచియు చూడనట్లు పోయినచో ఆ జాలి నోటిమాటయే యగును. దయకు దగ్గర, దూరము లేవు. అది మన గట్టుమీదనే మొదలు కావలెను.