వంశావళి దొరకని వారు

చదువవలసిన భాగములు: ఎజ్రా 2:59–63, రూతు 1వ అధ్యాయము, మత్తయి 3:9



మొన్న ఆరాధన ముగిసిన తరువాత ఒక సంఘపెద్ద నన్ను ఇట్లడిగెను: "అయ్యగారూ, గుంటూరు జిల్లాలో యూదుల సమాజమందిరమున్నదట. అక్కడివారు మన మాదిగపల్లె వారేనట. వారు నిజముగా యూదులేనా?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని.

ఆ మందిరము చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో నున్నది. అక్కడివారు తమ్మును బెనే ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము కుమారులు, అని పిలుచుకొందురు. వారి కుటుంబములలో అనేకము పూర్వము మనవలె బాప్తిస్ము పొందినవే. క్రైస్తవ బోధకుడుగా నుండిన షమూయేలు యాకోబి 1980లలో యెరూషలేమునకు పోయి వచ్చెను. 1990ల మొదటి సంవత్సరములలో మందిరము వెలసెను. సుమారు 40, 50 కుటుంబములవారు హెబ్రీ ప్రార్థనలు నేర్చుకొని విశ్రాంతిదినము నాచరింప మొదలుపెట్టిరి.

అష్షూరు చెరలో చెదరిపోయిన పది గోత్రములలో తమ పితరులుండిరని వారు చెప్పుదురు. చనిపోయిన వారిని పాతిపెట్టుటయు, పశుమాంసము తినుటయు దానికి గురుతులని చూపుదురు. ఊరు దేనినిబట్టి వారిని దూరముంచెనో, దానినే వారు తమ తండ్రుల స్వాస్థ్యముగా ఎంచుకొనిరి. అయితే దానికి వ్రాతమూలమైన వంశావళి లేదు. 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు మణిపురము, మిజోరాములలోని బెనే మెనషే వారిని ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించిరి. వీరికట్టి అంగీకారము రాలేదు.

వంశావళి లేనివానిని ఏమి చేయవలెను? బబులోనునుండి తిరిగి వచ్చినవారిలో 652 మంది తాము ఇశ్రాయేలీయులమని రుజువు చూపలేకపోయిరి. యాజకులలో కొందరి పేళ్లును పట్టీలో దొరకలేదు. ఆ యాజకుల యాజకత్వము ఆగెను గాని ఎవరి ప్రయాణమును ఆగలేదు. ఊరీము తుమ్మీములు గల యాజకుడు వచ్చువరకు తీర్పు నిలిపివేయబడెను. మోయాబీయురాలైన రూతుకు వంశావళియే లేదు. అత్తను విడువనందున ఆమె దావీదు వంశావళిలో చేరెను.

వారు మన సంఘములను విడిచి వెళ్లిరని కొందరికి బాధ యున్నది. నాకును ఉన్నది. మెస్సీయను గూర్చి వారును మనమును ఏకీభవింపము, దానిని దాచనక్కరలేదు. అయినను మన సంగతి జ్ఞాపకము చేసికొందము. 1878 జూలై 3న ఒంగోలు మిషనులో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్ము పొందిరి. అప్పుడును, "వీరు కరవులో కూటికొరకు వచ్చిరి" అనినవారు లేకపోలేదు. మన ముత్తాతల హృదయములకు ఏ రుజువుపత్రము ఉండెను?

ఇంకొక మాట. మాదిగవాడు తన గౌరవమును దూరదేశపు గోత్రములో వెదకుకొనుచున్నాడనిన యెడల, అది దగ్గరనున్న సంఘములో అతనికి దొరకెనా అని అడుగవలెను. ప్రభువు బల్లయొద్ద కలిసి కూర్చుండు మనము, పెండ్లి సంబంధము వచ్చినప్పుడు మాలయా, మాదిగయా అని విచారించుటలేదా? పొరుగువాని వంశావళి అడుగుటకు ముందు ఆ ప్రశ్నను మన యింట మానవలెను.

రాళ్లవలన అబ్రాహామునకు పిల్లలను పుట్టింపగల దేవుడు ఎవనిని ఏమని పిలుచునో ఆయనకే తెలియును. కాబట్టి ఆ పెద్దకు నేను చెప్పిన జవాబు ఇదే: "వారు యూదులగుదురో కారో తీర్చు యాజకుడను నేను కాను. వారు మన పొరుగువారని మాత్రము ఎరుగుదును." ఆమేన్.