రోగి పలుకు, వైద్యుని చెవి

వైద్యము నాలుగు పాదములపై నిలుచునని చరకసంహిత బోధించుచున్నది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనునవియే ఆ పాదములు. వీనిలో వైద్యుడే ప్రధానుడు. అయినను రోగి వట్టి చికిత్సావస్తువు కాడు; అతడును ఒక పాదమే. అతనికిని నాలుగు గుణములు చెప్పబడినవి: జ్ఞాపకశక్తి, వైద్యుని మాట పాటించుట, ధైర్యము, తన బాధను ఉన్నదున్నట్లు తెలుపగలుగుట.

ఈ కడపటి గుణము విచారింపదగినది. తెలుపవలసినవాడు రోగి, మరి వినవలసినవాడెవడు? వినువాడు లేనిచోట చెప్పువాని నోరు మూతపడును. పల్లెనుండి వచ్చిన ముదుసలి "కడుపునొప్పి" అని మాత్రమే పలుకును. పస్తులున్న దినములు, కోడలికైనను చెప్పుకొనని రక్తస్రావము, మందుకు చాలని కాసులు గొంతులోనే నిలిచిపోవును. మందుచీటి చేతికి వచ్చును. రోగము ఆమెతోనే ఇంటికి మరలును. అట్టి మౌనము ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చును.

యంత్రములు వచ్చి వైద్యుని హృదయమును దూరము చేసినవని కొందరందురు. యంత్రమందు దోషము లేదు. 1816లో పారిస్ నగరమున లాయెన్నెక్ అను వైద్యుడు గుండెజబ్బు లక్షణములు గల ఒక యువతిని పరీక్షింపవలసివచ్చెను. ఆనాటి పద్ధతిని రొమ్ముపై చెవి ఆనించుట ఆమె విషయమున మర్యాద కాదని తలచి, కాగితమును గొట్టమువలె చుట్టి గుండె సవ్వడి వినెను. స్టెతస్కోపు అట్లు పుట్టినది. రోగి గౌరవమును కాపాడు తలంపు ఆ సాధనపు పుట్టుకలోనే కలదు. గుండె సవ్వడిని వినిన చెవి, గుండెలోని దిగులును గూడ వినవలెను గదా!

12వ శతాబ్దపు శరణులలో వైద్య సంగణ్ణకు వైద్యమే కాయకము. కాయకమనగా కూలికై చేయు పని మాత్రమే కాదు. ఎదుటి ప్రాణియందు శివుని గాంచి చేయు సేవ. దేహమును దేవాలయముగా భావించుట బసవేశ్వరుడు నేర్పెను. దానిని నమ్మినవానికి రోగశయ్యయే గర్భగుడి. అచ్చట తొందరపాటును, కసురుటయు అపచారములు.

రోగికిని ధర్మము కలదు. సిగ్గుచే దాచరాదు, ఇరుగుపొరుగుల మాట విని మందు మానరాదు. ఇంటివారును రోగికి బదులు తామే మాటలాడక, రోగిని మాటలాడనీయవలెను.

కుదరని వ్యాధులును కలవు. అచ్చట ఔషధము ఓడవచ్చును, సంబంధము ఓడనక్కరలేదు. మంచముచెంత కూర్చుండి, నిజమును మెత్తగా తెలిపి, నొప్పిని తగ్గించి, కడవరకు చేయి విడువకుండుటయు వైద్యమే.