కొనేవారు కూడా త్రాసులోనే ఉన్నారు

కొన్నేళ్ళ క్రితం సంగతి. రంజాన్ మాసం చివరి రోజులు. ఏలూరులో ఒక చిన్న టైలరింగ్ దుకాణం. పండుగ నాలుగు రోజుల్లో ఉందనగా మా పిల్లల బట్టలు ఇంకా కుట్టలేదని తెలిసింది. మేము నలుగురి ముందూ గట్టిగా అరిచాము. డబ్బులు ఊరికే ఇస్తున్నామా అని నిలదీశాము. ఆ టైలర్ తల దించుకుని మిషను తొక్కుతూనే ఉన్నాడు. అతను రోజాతో ఉన్నాడు. మేమూ రోజాతోనే ఉన్నాము!

అదే సమయంలో ఒక పెద్దాయన వచ్చారు. ఆయన ఇచ్చిన బట్ట కూడా ఇంకా కత్తిరించలేదు. ఆయన సలాం చెప్పి, "ఇఫ్తార్‌కి ఏమైనా తెచ్చుకున్నావా బేటా?" అని అడిగారు. సంచిలోంచి ఖర్జూరాల పొట్లం తీసి మిషను పక్కన పెట్టారు. "మనవడికి ఒక్క జత చాలు. నీకు వీలు చూసుకుని ఇవ్వు" అని చెప్పి వెళ్ళిపోయారు.

చాంద్ రాత్ నాడు ఇద్దరి బట్టలూ చేతికొచ్చాయి. మా పిల్లవాడి చొక్కా పండుగ నమాజు నుంచి ఇంటికి వచ్చేలోపే చంక దగ్గర విడిపోయింది. పెద్దాయన మనవడి చొక్కాకు మాత్రం మిగిలిన ముక్కతో లోపల ఒక చిన్న జేబు కూడా కుట్టి ఉంది, పండుగ ఈదీ దాచుకోవడానికని! మేము మళ్ళీ వెళ్ళి అడిగాము. ఆ టైలర్ ఒకే మాట అన్నాడు: "కావాలని చేయలేదు భాయ్. మీరు వెళ్ళాక చెయ్యి ఆడలేదు."

ఆ మాట ఈనాటికీ మా చెవుల్లో ఉంది. మేమిచ్చిన డబ్బుకు కుట్టు వచ్చింది. కానీ ఆ కుట్టులో ఉండవలసిన శ్రద్ధను మేమే మా నోటితో తీసేసుకున్నాము.

ఎవరికి ఆ హెచ్చరిక?

దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా తూకంలో మోసం చేసేవారి వినాశాన్ని గురించి చెబుతూ మొదలవుతుంది. వారు ఇతరుల నుంచి తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుంటారు. ఇతరులకు కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గిస్తారు. ఈ వాక్యాలు విన్నప్పుడు మనకు కిరాణా కొట్టు, మాంసం దుకాణం, త్రాసు గుర్తుకొస్తాయి. హెచ్చరిక అమ్మేవాడికే అనుకుని నిశ్చింతగా కూర్చుంటాము. కానీ తన హక్కును పూర్తిగా రాబట్టుకుని ఎదుటివాడి హక్కులో కోత పెట్టే ప్రతి వ్యవహారానికీ ఇది వర్తిస్తుందని వ్యాఖ్యాతలు వివరించారు.

ఇప్పుడు మనల్ని మనం చూసుకుందాం. దుకాణదారుడు లేచి నిలబడాలి, నవ్వుతూ మాట్లాడాలి, పది రకాలు తీసి చూపించాలి, మంచిది ఏరి ఇవ్వాలి. ఇదంతా మనకు నిండు కొలతగా కావాలి. మరి మనం ఇచ్చేది? సలాముకు జవాబు ఉండదు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే వేలితో చూపిస్తాము. మన తండ్రి వయసున్న హమాలీని "ఒరేయ్" అని పిలుస్తాము. ఇది తగ్గించి కొలవడం కాదా?

దైవప్రవక్త (స) కొన్నప్పుడు

అంతిమ దైవప్రవక్త (స) వ్యాపారం చేసినవారు. బజారులో కొనుగోళ్ళు కూడా చేసినవారు. హజ్రత్ సువైద్ బిన్ ఖైస్ (రజి) మక్కాకు బట్టలు తెచ్చి అమ్ముతున్న రోజుల్లో దైవప్రవక్త (స) వచ్చి ధర మాట్లాడి కొన్నారు. ఆ రోజుల్లో వెలను వెండి రూపంలో తూచి ఇచ్చేవారు. కూలికి తూచే మనిషి పక్కనే ఉన్నాడు. తూచు, కాస్త మొగ్గు ఉండేలా తూచు అని ఆయన (స) ఆ మనిషికి చెప్పారు (అబూ దావూద్, తిర్మిజీ). గమనించండి! ధర మాట్లాడటం తప్పు కాలేదు. అయితే మాట కుదిరాక కొనేవారే త్రాసును అమ్మేవాడి వైపు మొగ్గించారు.

హజ్రత్ జాబిర్ (రజి) వద్ద ప్రయాణంలో ఒంటెను కొని, మదీనా చేరాక వెలను అదనంగా ఇప్పించి, ఆ పైన ఒంటెను కూడా ఆయనకే తిరిగి ఇచ్చేశారు. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు మెత్తగా వ్యవహరించే మనిషిని అల్లాహ్ కరుణించాలని దైవప్రవక్త (స) దుఆ చేసిన హదీసు కూడా హజ్రత్ జాబిర్ (రజి) ద్వారానే మనకు చేరింది (బుఖారీ). ఆ దుఆలో అమ్మేవాడి పక్కనే కొనేవాడికీ చోటుంది. ఆ చోటును మనం ఎందుకు వదులుకోవాలి?

తివాచీ వెనకవైపు

మన ఏలూరు తివాచీలకు పేరుపడ్డ ఊరు. పర్షియా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు ఈ పనిని ఇక్కడికి తెచ్చాయని పెద్దలు చెప్పుకుంటారు. తివాచీ ముందువైపు ఉన్ని మెత్తగా కనిపిస్తుంది. పనితనం తెలియాలంటే వెనక్కి తిప్పి ముడులు చూడాలి. నేతగాడు ముడులు దగ్గరగా వేశాడా, పలచగా వేశాడా అన్నది అక్కడే బయటపడుతుంది.

పొరుగున ఉన్న మచిలీపట్నం తివాచీలకు ఏమైందో జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఆంగ్లేయుడు 1880లో భారతదేశపు చేతిపనుల మీద రాసిన గ్రంథంలో చెప్పాడు. ఒకప్పుడు దేశంలోని మేలైన తివాచీల్లో ఒకటిగా ఉన్న ఆ పని ఇంగ్లండు కొనుగోలుదారుల వల్లే చెడిపోయిందని అతను వాపోయాడు. దిగుమతి వ్యాపారులు చౌక సరుకును నేతగాళ్ళ చేతిలో పెట్టి దానితోనే నేయమని పట్టుబట్టారు. తివాచీ వెనకభాగానికి ఇంగ్లండు పురికొస వచ్చింది. ఒక్కసారి సంప్రదాయం తెగాక ఒకదాని వెంట మరొక మార్పు చొరబడింది. నిందను అతను నేతగాడి మీద వేయలేదు, తన దేశపు కొనుగోలుదారుల మీదే వేశాడు.

పనివాడిని మనిషిగా చూడకుండా వెల ఒక్కటే చూసే చోట పని కూడా వెల మేరకే జరుగుతుంది. అతనికి తెలిసిన నేర్పు అతని దగ్గరే ఉండిపోతుంది. కొనేవాడికి ముందువైపు దక్కుతుంది, వెనకవైపు ముడులు వదులవుతాయి.

చేపల గంప, ఉల్లి బస్తా

కొల్లేటి ప్రాంతపు చేప కైకలూరు, ఆకివీడుల నుంచి మంచు పెట్టెల్లో ఈశాన్య రాష్ట్రాల దాకా వెళుతుంది. అక్కడ లారీల లెక్కన సాగే బేరంలో మనకు నోరు లేదు. గంప నెత్తిన పెట్టుకుని మన వీధికి వచ్చే చేపలమ్మి దగ్గర మాత్రం మనకు ఎక్కడలేని నోరు వస్తుంది. పది రూపాయల కోసం ఆమెను పావుగంట నిలబెడతాము. అదే సాయంత్రం పెద్ద షోరూములో చీటీ మీద రాసిన ధరకు మారుమాట లేకుండా ఇచ్చేస్తాము. బలవంతుడి ముందు మౌనం, బలహీనుడి ముందు గర్జన! ఇది పొదుపా? ఇది అహంకారం కాదా?

ఆమెను "అక్కా" అని పిలిచి, గంప దించుకోవడానికి చెయ్యి అందించి, మంచినీళ్ళు ఇచ్చే ఇల్లాలు కూడా బేరం ఆడుతుంది. కానీ ఆమెకు ధరతో పాటు ఒక మాట కూడా దొరుకుతుంది: "ఈ రోజు బొచ్చె వద్దమ్మా, నిన్నటిది. శీలావతి తీసుకో." కసురుకునే ఇంటికి ఆ నిన్నటి బొచ్చే చేరుతుంది. అలా అంటగట్టడం తప్పే, దానికి ఆమె అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి. కానీ నిజం చెప్పాలన్న మనసును చంపిన మన నోరు కూడా జవాబు చెప్పుకోవాలి కదా!

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో వలీమా విందు కోసం బస్తాలు కొనేవారు ఒక్కసారి హమాలీల నడుములను చూడాలి. కూలి అప్పటికప్పుడు చేతిలో పెట్టి, "నిదానంగా దించు అన్నా" అంటే బస్తా మెల్లగా దిగుతుంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవచనాన్ని (ఇబ్నె మాజా) గోడల మీద రాసుకున్న మనం, రేపు రా అంటూ కూలివాడిని తిప్పవచ్చా?

నష్టం జరిగితే?

మరి మోసపోయినప్పుడు కూడా నోరు మూసుకోవాలా అని కొందరు అడుగుతారు. లేదు. ఒకతను తన బాకీ కోసం దైవప్రవక్త (స)తో కటువుగా మాట్లాడాడు. సహచరులు అతని మీదికి వెళ్ళబోతే ఆయన (స) ఆపారు. హక్కు ఉన్నవాడికి మాట్లాడే అధికారం ఉందన్నారు. అతనికి రావలసిన ఒంటె కంటే మేలైనదే ఇప్పించారు (బుఖారీ). కనుక సరుకు పాడైతే మార్చమని అడగండి. రసీదు తీసుకోండి. వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఆ దారి చూపింది. హక్కును అడగడం వేరు, మనిషిని అవమానించడం వేరు. పైగా తప్పు యజమానిదైతే జీతానికి పనిచేసే కుర్రాడిని తిట్టడం ఏ న్యాయం?

ఇంకొక మాట. మంచి సరుకు దొరుకుతుందని నవ్వడం కూడా ఒక బేరమే. కర్మలు సంకల్పాల మీద ఆధారపడి ఉంటాయి. మన మంచి మాటకు ప్రతిఫలం దుకాణంలో దొరికితే అది అల్లాహ్ అనుగ్రహం. దొరక్కపోయినా ఆయన దగ్గర అది పోదు.

అసలు దివాలా

దివాలా తీసినవాడు ఎవరో తెలుసా అని దైవప్రవక్త (స) ఒకసారి సహచరులను అడిగారు. డబ్బూ సామానూ లేనివాడని వారన్నారు. కాదు, ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ వెంట తెచ్చుకునీ, ఒకరిని తిట్టి, మరొకరిపై నింద వేసి, ఇంకొకరి సొమ్ము తిని వచ్చినవాడే దివాలాకోరు అని ఆయన (స) వివరించారు. అతని పుణ్యాలు వారందరికీ పంచబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు అతని మీద వేయబడతాయి (ముస్లిం).

సోదర సోదరీమణులారా! ఆ వరుసలో ఎవరెవరు నిలబడి ఉంటారో ఆలోచించండి. మనం కసురుకున్న చేపలమ్మి, ఒరేయ్ అని పిలిచిన హమాలీ, రోజాలో అవమానించిన టైలర్. పది రూపాయలు తగ్గించుకుని, అందుకు బదులుగా ఒక రంజాన్ మొత్తాన్ని రాసిచ్చేయడం ఎంత నష్టపు బేరం! మేము ఆ టైలర్ దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగాము. ఆయన నవ్వి టీ తెప్పించారు. మీకు కూడా అలాంటి దుకాణం ఒకటి గుర్తుకొస్తే ఈ రోజే వెళ్ళండి. ఇక్కడ తీర్చుకునే బాకీ తేలిక.

మన నాలుకలకు మెత్తదనాన్ని, మన త్రాసులకు న్యాయాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.