సృష్టికర్త పక్కన ఆట

చదవవలసిన భాగం: సామెతలు 8:22–31

ఈ అధ్యాయంలో జ్ఞానం తన గురించి తానే చెప్పుకుంటుంది. దేవుడు భూమికి పునాదులు వేస్తున్నప్పుడు, సముద్రానికి హద్దు గీస్తున్నప్పుడు తాను ఆయన పక్కనే ఉన్నానంటుంది. అంత పెద్ద పని జరుగుతున్న చోట ఆమె ఏం చేస్తోంది? ఆయనతో కలిసి పనిచేస్తోంది, ఆయన ముందు సంబరంగా ఆడుకుంటోంది కూడా. ప్రసంగాల్లో మనం ఈ మాట అంతగా వినం. సోమరిని చీమ దగ్గరికి వెళ్ళి నేర్చుకోమన్న ఆరో అధ్యాయం అందరికీ నోటికి వచ్చు. రెండు అధ్యాయాల తర్వాత ఆడుకుంటూ కనిపించే జ్ఞానం దగ్గర మాత్రం పెద్దగా ఆగం.

నన్ను ఇక్కడ ఆపినవి లెగో అనే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలు. పిల్లలకని కాదు, నా కోసమే కొనుక్కుంటాను. అవి చవక కాదు. అందుకే ఉన్న పెట్టెనే విప్పి మళ్ళీ మళ్ళీ కట్టడం అలవాటైంది. పెట్టెతో వచ్చిన పుస్తకం చూసి కట్టినప్పుడు అది అగ్నిమాపక బండి. నిచ్చెన తీసేసి, వెనక భాగం విడదీసి ట్రాలీ చేసి, ముందు చిన్న చక్రాలు, వెనక పెద్ద చక్రాలు పెడితే అశ్వారావుపేట రోడ్డు మీద రోజూ కనిపించే బండి అయింది. ఆయిల్‌పామ్ గెలలతో ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్. గెలల దగ్గరే చాలా సేపు పట్టింది. వెనక దీపాలుగా ఇచ్చిన ఎర్ర బిళ్ళలు పెట్టాను, మరో పెట్టెలో పూలుగా ఇచ్చిన నారింజ బిళ్ళలు చేర్చాను. అయినా గెలలా లేదు. పండిన గెలను దగ్గర నుంచి చూసినవాళ్ళకు తెలుసు, కాయ మొదట్లో నారింజ రంగులో ఉన్నా మొన దగ్గర నలుపు మిగిలే ఉంటుంది. మధ్యమధ్య నల్ల బిళ్ళలు గుచ్చాక అది మా ఊరి గెల అయింది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం చిన్నదేమీ కాదు. దాన్ని ప్రభువుకు చెప్పుకోవాలనిపించి చెప్పుకున్నాను.

ఆ పెట్టెలోని మామూలు ఇటుక ఒకటి తిప్పి చూడండి. పైన ఎనిమిది బొడిపెలు, అడుగున మూడు గొట్టాలు. కింది ఇటుక బొడిపె పై ఇటుక గొట్టానికీ గోడకీ మధ్య బిగుసుకుంటుంది. జిగురు లేదు, మేకు లేదు. నొక్కితే టక్కున కూర్చుంటుంది, పిల్లవాడు లాగినా ఊడివస్తుంది. పట్టు ఉండాలి, విడుదలా ఉండాలి. ఈ రెండూ కుదరాలంటే కొలత వెంట్రుక వాసి కూడా తప్పకూడదు. ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు రెండు ఉంటే 24 రకాలుగా కలపవచ్చు. ఆరు ఉంటే? కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే సోరెన్ ఐలర్స్ కంప్యూటర్ సాయంతో లెక్క కట్టి 91,51,03,765 రకాలని తేల్చారు. అరచేతిలో పట్టే ఆరు ముక్కలకే అంత అవకాశం ఉంది. మట్టినీ నీటినీ వెలుతురునీ చేతిలో పట్టుకున్న సృష్టికర్త పక్కన జ్ఞానం ఎందుకు అంత సంబరపడిందో ఈ అంకె చూశాక నాకు కొంత అర్థమైంది.

ఈ ఇటుకల వెనక ఉన్నది ఒక విశ్వాసి. డెన్మార్క్‌లో బిలుండ్ అనే పల్లెలో వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్. ఇన్నర్ మిషన్ అనే లూథరన్ భక్తి ఉద్యమానికి చెందినవాడు. 1932లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఇళ్ళ పని దొరక్క చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అదే ఏడాది భార్య కిర్‌స్టీన్ చనిపోయింది. ఇంట్లో నలుగురు మగపిల్లలు. 1942లో కార్ఖానా కాలి బూడిదైతే మళ్ళీ కట్టాడు. ఆ కుటుంబం చెప్పుకునే సంఘటన ఒకటుంది. చెక్క బాతులకు మూడు పూతలు వేయాల్సిన చోట రెండే వేసి డబ్బు మిగిల్చానని కొడుకు గాట్‌ఫ్రెడ్ సంతోషంగా చెప్పాడట. తండ్రి ఆ బాతులను రైలు స్టేషన్ నుంచి వెనక్కి తెప్పించి, మూడో పూత వేయించాడట. పిల్లలు ఆడి పడేసే బాతుకు కూడా మూడో పూత! ఆటను దేవుని ముందు చేసే పనిగా చూసినవాడే అలా చేయించగలడు. ఇప్పుడు మనం వాడే ఇటుక పేటెంటుకు గాట్‌ఫ్రెడ్ దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. ఆ మార్చిలోనే తండ్రి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది ఇటుక నేటి ఇటుకకు ఇప్పటికీ సరిగ్గా అతుకుతుంది.

ఇంత వయసొచ్చి ఆటలేమిటని సంఘంలో పెద్దలు అడగవచ్చు. పెద్దవాడినయ్యాక పిల్లచేష్టలు విడిచిపెట్టానని పౌలు కొరింథీయులకు రాశాడు కదా అనీ అనవచ్చు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఆ పదమూడో అధ్యాయం ప్రేమ గురించినది. పౌలు విడిచిపెట్టింది పసివాడి అరకొర తెలివిని, చేతుల్లోని పనితనాన్ని కాదు. అదే కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఆయన గుడారాలు కుట్టాడు. అది పొట్టకూటి పని, నా ఆటతో సమానమని అనను. కానీ ఆట దేవునికి ఇష్టం లేనిదైతే, సముద్రంలో ఆడుకోవడానికే ఆయన ఒక పెద్ద జలచరాన్ని చేశాడని 104వ కీర్తన ఎందుకు చెబుతుంది? ఆ జంతువు వల్ల ఎవరికీ లాభం లేదు. అది ఆడుకుంటే ఆయన చూస్తాడు, అంతే.

మన వైపు బొమ్మల పని పాతదే. కొండపల్లిలో పొణికి కర్రతో ఒక్కో భాగం విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అతికాక ఆ ఏనుగు ఏనుగే. ఆ పనితనానికి నేను మొక్కుతాను. లెగోలో నాకు నచ్చేది దానికి ఎదురుగా ఉన్న గుణం, ఊడదీయగలగడం. ట్రాక్టర్‌ను విప్పిన రోజున దిగులు ఉండదు. ఒక్క ముక్క పోలేదు, ఏదీ పాడవలేదు. దీపంగా వచ్చింది గెల అయింది, రేపు గుడిసె గుమ్మం మీద పువ్వవుతుంది. మన చేతికి వచ్చిన వాటిని దేవుడు ఏ పనికి ఇచ్చాడో అట్ట మీది బొమ్మ ఒక్కటే చెప్పలేదని అలా విప్పుతూ ఉంటే నమ్మకం కలుగుతుంది.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రల్ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు, 1912లో డోర్నకల్‌కు అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఏళ్ళ తరబడి దాన్ని కట్టించారు. 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు, శిలువ, అన్నీ ఒక్క ఆరాధన స్థలంలో కలిశాయి. విదేశీ చర్చి నమూనా ఆయనకు తెలియక కాదు. అది మన నేల మీద మన ఇల్లులా కనిపించాలని, చుట్టూ ఉన్న రూపాలను తీసుకుని కొత్తగా కూర్చారు.

డిసెంబరు వస్తే మన సంఘాల్లో ఈ ఆనందం ఎటూ కనిపిస్తుంది. వెదురు బద్దలు చీల్చి నక్షత్రానికి చట్రం కడతారు, రంగు కాగితం అంటిస్తారు, గడ్డి పరిచి పశువుల పాక కడతారు. పోయిన ఏడాది పాకకు ఈ ఏడాది ఒక బావి చేరుతుంది, ఒక వంతెన చేరుతుంది. అర్ధరాత్రి దాకా కూర్చునేది మీసాలొచ్చిన వాళ్ళే, నెరిసిన తలల వాళ్ళే. అప్పుడు మాత్రం ఎవరూ వయసు అడగరు. మిగిలిన పదకొండు నెలలు కూడా అడగనక్కర్లేదు.

ప్రార్థన: కట్టడంలో ఆనందించే తండ్రీ, నా చేతుల్లో నీవు పెట్టిన ఆటను సిగ్గుపడకుండా నీ ముందు ఆడే మనసివ్వు. నా ఇంట్లో అలసిపోయి కూర్చున్న పెద్దవాళ్ళకు కూడా ఆ సంతోషం తిరిగి ఇవ్వు. ఆమేన్.

పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అటకెక్కించిన బొమ్మల డబ్బా మీ ఇంట్లో ఉంటే ఈ వేళ దించండి. దుమ్ము కడిగి ఆరబెట్టండి. కుటుంబ ప్రార్థనకు ముందు ఒక అరగంట కూర్చుని, మీకు నచ్చింది ఏదైనా కట్టండి.