కార్తీకం ఒక్క నెలకేనా?

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాళ్ళకి చేపలు మానమని చెప్పడం తేలిక కాదు. తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి పడవలు చేరతాయి. ఎండెక్కే లోపు వంజరం, చందువ, నెత్తళ్ళు బుట్టల్లో గాజువాక దాకా వచ్చేస్తాయి. సముద్రాన్ని నమ్ముకుని బతికేవాళ్ళకి చేప కష్టార్జితం. కాబట్టి ఎవరి తిండినీ తక్కువ చేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. శాకాహారాన్ని కులానికో గొప్పతనానికో ముడిపెట్టే మాటలు మన సభల్లో ఇంకా వినిపిస్తుంటే నాకు బాధ కలుగుతుంది. నేను చెప్పేది ఆరోగ్యం గురించే.

మానడం కూడా మన ఊరికి కొత్త కాదు. కార్తీకమాసమంతా నీచు ముట్టని ఇళ్ళెన్నో ఉన్నాయి. శనివారం సింహాద్రి అప్పన్న పేరు చెప్పుకుని మానేవాళ్ళున్నారు, దీక్షల్లో మానేవాళ్ళున్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం వల్ల మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఇలాంటి రోజుల్లో పప్పు, బెల్లం పులుసు, ఆవపెట్టిన కూరలతో ఇంటిల్లిపాదీ కడుపునిండా తిన్నవాళ్ళమే. ముక్క లేనిదే ముద్ద దిగదన్న పట్టుదల మనకి పరదేశం వచ్చాకే బలపడింది. ఇక్కడ కోడిమాంసం చవక, వండడం సులువు. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు. గేటు దాకా వెళ్ళాలన్నా కారే.

పైగా మన ఒంటి తీరు వేరు. దక్షిణాసియా వాళ్ళకి పెద్దగా లావెక్కకుండానే మధుమేహం వచ్చేస్తుంది. అందుకే అధిక బరువుకి బీఎంఐ గీత అందరికీ 25 అయితే, మనకి 23 దగ్గరే గీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో సాసేజీలు, బేకన్ లాంటి నిల్వమాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పిల్లల లంచ్‌ బాక్సుల్లోకి వెళ్తున్నది ఎక్కువగా ఆ సరుకే.

అయితే మాంసం మానేసి, తెల్లన్నం గుట్టగా పెట్టుకుని బంగాళాదుంప వేపుడు, అప్పడం, ఆవకాయతో లాగించేస్తే అదీ శాకాహారమే, కానీ చక్కెర వ్యాధికి మందు కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకి రెండు వేల కేలరీలు తినే మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు ఉండాలి. బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలు. మన కంచాల్లో ఈ లెక్క తలకిందులుగా ఉంది.

దాన్ని సరిచేయడానికి ఎవరి వంటలూ అరువు తెచ్చుకోనక్కర్లేదు. పనసపొట్టు కూరే చూడండి. ఇక్కడి ఇండియన్ షాపుల్లో పచ్చి పనస డబ్బాల్లో దొరుకుతుంది. ఉప్పునీళ్ళు పారబోసి, రెండుసార్లు కడిగి, పిండి, సన్నగా తరిగి ఉడికించాలి. మినప్పప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు పోపులో వేసి చింతపండు గుజ్జు కలపాలి. నూరిన ఆవముద్ద మాత్రం దింపాక, వేడి తగ్గాకే కలపాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. ఆ ఘాటు ముక్కుకి తగిలితే మాంసం గుర్తు రాదని మా ఇంట్లో పెద్దకుర్రాడే ఒప్పుకున్నాడు. ఉదయానికి చోడి అంబలి ఉంది. రాత్రి కాచి పులవబెట్టి, పొద్దున మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలి పిలవదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. న్యూయార్క్ రాష్ట్రంలో, పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ పని జరిగింది. స్ప్రూ వ్యాధికి సోదరుల్ని పోగొట్టుకున్న ఆయన సాధించిన ఆ విటమిన్ ఆ వ్యాధికే మందయింది. రక్తానికి దాని తోడుగా కావలసిన బి12 మాత్రం ఏ ఆకులోనూ దొరకదు. పాలు, పెరుగు తగ్గించినవాళ్ళూ, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళూ పరీక్ష చేయించుకుని, డాక్టరు చెబితే మాత్ర వేసుకోవాలి. తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవగానే కాఫీ తాగితే ఆ ఇనుము అంతగా పట్టదు. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా తిండి మార్చకూడదు.

పిల్లలకి సంస్కృతి అందించాలని శని, ఆదివారాల్లో పద్యాలు నేర్పిస్తున్నాం, నాట్యం నేర్పిస్తున్నాం. తిండి నేర్పడం మాత్రం మరిచాం. మన సంఘం పండగ భోజనాల్లో పూరీలు, మిఠాయిలే ముందుంటున్నాయి. ఈ కార్తీక వనభోజనాల్లో ఉసిరిచెట్టు నీడ దొరక్కపోయినా, హాల్లోనే సరే, మొదటి బల్ల మీద చోడి అంబలి, కంద బచ్చలి, ఆవపెట్టిన అరటికాయ, ఉలవచారు పెడదాం. అన్నం చివరి బల్ల మీద ఉండనిద్దాం. కూరలు తరగడానికి మా ఇంటి నుంచి నలుగురం ముందురోజు సాయంత్రమే వస్తాం. ఆవ నూరే పని నాకు వదిలేయండి.