యశోద కట్టిన రక్ష

పూతన నేలకూలిన పిదప నందవ్రజమున జరిగిన సంగతిని శ్రీమద్భాగవతము దశమస్కంధము ఆరవ అధ్యాయమున విస్తరించి చెప్పినది. ఆ రక్కసి రొమ్ముపై వెఱపులేక ఆడుకొనుచున్న బాలుని గోపికలు పరుగున వచ్చి యెత్తుకొనిరి. యశోదా రోహిణులతో గూడి ఆవుతోక త్రిప్పి దిష్టి తీసిరి. ఆచమించి, ముందు తమ యంగములందును, పిదప బాలుని యంగములందును న్యాసము గావించిరి. నడుమును అచ్యుతుడు, హృదయమును కేశవుడు, భుజములను విష్ణువు కాపాడవలెనని వేడుకొనిరి. ఆడునప్పుడు గోవిందుడు, నిదురించునప్పుడు మాధవుడు రక్షింపవలెననిరి. వారు పిలిచిన నామములన్నియు చేతులలోనున్న ఆ పసివానివే. ఆ సంగతి వారెరుగరు. ఎరిగినను రక్ష కట్టుట మానియుండరు.

శ్రీవైష్ణవ పూర్వాచార్యులు ఇట్టి ప్రేమకే మంగళాశాసనమని పేరిడిరి. మధురలో గరుడారూఢుడై దర్శనమిచ్చిన స్వామిని జూచి పెరియాళ్వారు వరమడుగలేదు. ఈ సౌందర్యమునకు ఎవరి దృష్టి తగులునోయని భయపడి పల్లాండు పాడిరి. ఆ పిమ్మట తామే యశోదయై ఊయల మొదలు నీరాట, చెవులు కుట్టుట వరకు కృష్ణుని బాల్యమును గానము చేసిరి. ప్రేమ మిక్కుటమైనచోట ఎదుటివాని శక్తి కానరాదు, సౌకుమార్యమే కానవచ్చును. సర్వరక్షకుని యెడలనే తల్లికి ఇంత భయము కలిగినప్పుడు, నిజముగనే ఏ శక్తియు లేక పుట్టిన బిడ్డ యెడల ఎంత జాగరూకత యుండవలెను!

రక్ష ముగిసిన వెంటనే శుకమహర్షి మరియొక మాట చెప్పెను. గోపికలు రక్ష కట్టిన పిమ్మట తల్లి బిడ్డకు పాలిచ్చి పడుకొనబెట్టినది. ప్రవచనములలో సాధారణముగ ఈ మాట దాటిపోవుచుందురు. కాని నామరక్షకు పూర్తి ఇక్కడనే యున్నది. దిష్టి తీయుట ఎంత ముఖ్యమో ఆకలి తీర్చుటయు అంతే ముఖ్యమని ఆ తల్లి యెరుగును.

తెలుగిండ్లలో నేటికిని కొన్నిచోట్ల ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయుదురు. బాలింతకు పాలు పడలేదని బిడ్డకు తేనెయో, పంచదార నీళ్ళో నాకింతురు. పసుపుపచ్చగ, చిక్కగ నుండు ఆ కొద్దిపాటి పాలే బిడ్డకు తొలి రక్ష. రోగములను అడ్డుకొను శక్తి అందు సమృద్ధిగ గలదు. పుట్టిననాటి బిడ్డ కడుపు మిక్కిలి చిన్నది, దానికి ఆ కొద్దిపాలే చాలును. పుట్టిన గంటలోపల రొమ్ము పట్టింపవలెను. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళును అక్కరలేదు.

తేనె విషయమున పెద్దలకు సందేహము కలుగుట సహజము. జాతకర్మమున తేనె, నేయి, బంగారము కలవు. తల్లికి పాలు మూడు నాలుగు దినములకు గాని ప్రవర్తింపవని సుశ్రుతసంహిత చెప్పినది. అంతవరకు తేనెయు నేయియు ఇచ్చుట ఆనాటి పద్ధతి. బిడ్డ మేలు కోరియే వారట్లు విధించిరి. కాని తేనెలో ఒక సూక్ష్మజీవి బీజము లుండవచ్చును. అవి ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో వృద్ధిచెంది విషము పుట్టించి, కండరములను చచ్చుపరచి, పాలు కుడుచు శక్తిని సైతము హరింపగలవు. ఈ వ్యాధిని పసిబిడ్డలలో తొలుత 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గుర్తించిరి. కనుక ఏడాది నిండువరకు తేనె కూడదు. జాతకర్మ చేయించువారు ఈ మాట పురోహితునితో ముందే చెప్పుకొనుట మేలు. బిడ్డ నోట తేనె పడనంత మాత్రమున మంత్రము నిష్ఫలము కాదు.

గోపికలు బాలునికి గోధూళియు గోమయమును పూసిరని కూడ భాగవతమున నున్నది. దానిని ఆధారముగ గొని బొడ్డుపై పేడయో, బూడిదయో పెట్టుట తగదు. బొడ్డు కోసిన చోటు పచ్చిపుండు. ఆ దారినే ధనుర్వాతము ప్రవేశించి పూర్వము ఎందరో పసికందులను పొట్టన బెట్టుకొన్నది. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు వచ్చిన పిదప ఆ వ్యాధి వేయి జననములకు ఒకటికన్న తక్కువకు దిగినది. 2003లో ఆంధ్రప్రదేశమునను, 2015 నాటికి భారతదేశమంతటను దానిని నిర్మూలించినట్లు గుర్తించిరి. బొడ్డును దేనితోను తాకక పొడిగ నుంచినచో తానే యెండి రాలిపోవును. కంటికి కాటుక, ముక్కులో నూనె, సాంబ్రాణి పొగ కూడ మానదగినవే. ఆసుపత్రిలో పుట్టగనే వేయు టీకాలను మాత్రము మానరాదు.

తరువాతి అధ్యాయమున శకటభంజన కథ గలదు. బాలుడు బోర్లపడిన వేడుక. జన్మనక్షత్రము కూడ కలిసివచ్చినది. వాద్యములు, వేదమంత్రములు, వచ్చిన చుట్టములు. యశోద బిడ్డకు స్నానము చేయించి, నిద్రవచ్చుచున్నదని బండి క్రింద పడుకొనబెట్టి, అతిథిమర్యాదలలో మునిగిపోయినది. బిడ్డ పాలకై యేడ్చెను. తల్లికి వినబడలేదు. కాళ్ళు తన్నుకొనగా బండి తలక్రిందయ్యెను. యశోదవంటి తల్లికే ఇట్లు జరిగినదని భాగవతము దాపరికము లేక చెప్పుచున్నది. బారసాలనాడు బాలింతను పీటపై కూర్చుండబెట్టి, బిడ్డను చేతులు కడుగని పదిమంది చేతులు మార్చువారు ఈ కథను మరియొకసారి చదువుట మంచిది. పురిటి బిడ్డను మ్రొక్కు పేరిట జనసమ్మర్దములోనికి కొనిపోవ తొందరపడువారికిని ఇదే మాట. స్వామి కొంతకాలము వేచియుండగలడు.

ఏడ్చు బిడ్డ తల్లిని పిలుచుచున్నాడు. ఏడ్వక, పాలు త్రాగక మగతగ పడియున్న బిడ్డను జూచి ఇంకను ఎక్కువ భయపడవలెను. ఊపిరి నిమిషమునకు అరువది సారులు, అంతకు మించి ఆడినను, డొక్క లెగిరినను, ఒడలు కాలినను, చల్లబడినను, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినను, బొడ్డు చుట్టు ఎఱ్ఱబడినను దిష్టి తీయుచు జాగు చేయరాదు. అప్పుడు వెంటనే ఆసుపత్రికి చేర్చుటయే రక్ష.

పుట్టిన బిడ్డకు వెచ్చదనము ముఖ్యము. మొదటి ఇరువది నాలుగు గంటలు స్నానము చేయింపరాదు. రెండున్నర కిలోలకన్న తక్కువ తూగు బిడ్డలు మరింత త్వరగ చల్లబడుదురు. అట్టివారిని తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు కట్టియుంచు పద్ధతిని 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగర వైద్యులు ఆరంభించిరి. నేడు అనేక దేశములలో ఆచరించుచున్నారు. తల్లి అలసినప్పుడు తండ్రి రొమ్మున నుంచినను బిడ్డకు వెచ్చదనము దొరకును.

పూతన వచ్చినప్పుడు నందుడు ఇంట లేడు. కప్పము చెల్లించుటకు మథురకేగియుండెను. తిరిగివచ్చి, జరిగినది విని, కుమారుని చేతులలోనికి తీసుకొని శిరస్సు మూర్కొని పరమానందము పొందెను.