విడిపించుకొనుటకు గడువున్న దినములు

(ధ్యాన భాగము: లేవీయకాండము 25:29-31)



సునాద సంవత్సరమును గూర్చి ప్రసంగించువారు లేవీయకాండము 25వ అధ్యాయమును తరచుగా చదువుదురు గాని, అందులో 29 మొదలు 31 వరకున్న వచనములను సాధారణముగా దాటిపోవుదురు. అవి ఇండ్ల అమ్మకమును గూర్చినవి; వాటిలో ఆత్మీయ ఉపదేశమేమియు లేనట్లు కనబడును. అయితే ఈ ప్రాంతమున మన కుటుంబములకు కలుగుచున్న ఒక శ్రమకు ఇంత దగ్గరగా వచ్చు వాక్యభాగము మరియొకటి లేదని మేము తలంచుచున్నాము.

ఆ వచనముల తాత్పర్యమిది. ప్రాకారముగల పట్టణములో ఒకడు తన నివాసగృహమును అమ్ముకొనినచో, అమ్మిన నాటినుండి నిండు సంవత్సరము లోపల దానిని విడిపించుకొను హక్కు అతనికి కలదు. సంవత్సరము గడిచెనా, ఆ ఇల్లు ఇక కొనినవానిదే. సునాద సంవత్సరము వచ్చినను తిరిగి రాదు. ప్రాకారములేని గ్రామములోని ఇల్లు అట్లు కాదు. దానిని పొలముతో సమానముగా ఎంచవలెను. దానిని విడిపించుకొనవచ్చును, సునాదములో అది తొలగి సొంతవానికి వచ్చును. దేవుడు ఈ భేదమెందుకు చేసెను? గ్రామస్థుని ఇల్లు అతని చేనును అంటిపెట్టుకొని యుండును. తల దాచుకొను చోటు పోయినవాడు చేను ఎట్లు చూచుకొనగలడు? మా మట్టుకు మాకు ఇదియే కారణమని తోచుచున్నది.

మన కోఠారికి ప్రాకారము లేదు. బల్లార్‌పూర్ నుండి గోండ్‌పిప్రి పోవు దారిలో, చుట్టు చేలు, ఆవల అడవి గల గ్రామమిది. ఈ జిల్లాకు మనవారు బొగ్గు గనులకును, కాగితపు మిల్లుకును పని వెదకుచు వచ్చిరి. తాతలు గుడిసె వేసిరి, తండ్రులు రేకులు కప్పిరి, కుమారులు స్లాబు పోసిరి. స్లాబు పోయుటకు చేతి డబ్బు చాలదు గనుక ఇంటి కాగితములు బ్యాంకులోనికి పోయినవి. ఇందులో తప్పేమియు లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి షావుకారు దగ్గర తెచ్చుట కంటె బ్యాంకు అప్పు మేలే. నెలకు నూటికి మూడనగా సంవత్సరమునకు నూటికి 36 అని బడిలో లెక్కలు చెప్పినవారము గనుక ఈ మాట ధైర్యముగా చెప్పగలము.

గాని జీతము ఆగినప్పుడు వాయిదా ఆగదు. మంగపేట మండలములోని కమలాపురము గుజ్జు మిల్లు 2014లో నిలిచిపోయినప్పుడు అక్కడి కార్మికులు ఎట్టి దుఃఖము పడిరో మన బంధువులలో అనేకులు ఎరుగుదురు. ఆ మిల్లు గల బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ సంస్థయే 2020 జనవరిలో బాకీల నిమిత్తము ముంబయిలోని కంపెనీ లా ట్రిబ్యునలులో దివాలా విచారణకు చేర్చబడెను. అంత పెద్ద సంస్థకు జరిగినది ఒక కూలివాని ఇంటికి జరుగదని ఎట్లనుకొందుము?

ఇప్పుడు చట్టము సంగతి. బ్యాంకువారు సర్ఫేసీ అని పిలుచు చట్టము 2002లో వచ్చినది. దీనివలన బ్యాంకు కోర్టులో దావా వేయకుండగనే తాకట్టు ఆస్తిని స్వాధీనపరచుకొని అమ్మవచ్చును. వాయిదా 90 దినములు మించి నిలిచిపోయినచో ఆ అప్పును మొండి బాకీగా వ్రాసికొందురు. అటుపిమ్మట మొత్తము బాకీ 60 దినములలో తీర్చుమని నోటీసు వచ్చును. దానికి మనము వ్రాతపూర్వకముగా జవాబు పంపినచో, మన అభ్యంతరమును ఎందుకు అంగీకరింపలేదో 15 దినములలో తెలియజేయుట బ్యాంకు విధి. ఆ 60 దినములు గడచిన పిదప స్వాధీన ప్రకటన గుమ్మమునకు అంటింతురు, రెండు దినపత్రికలలో వేయింతురు. వాటిలో ఒకటి స్థానిక భాషలోనిదై యుండవలెను. తరువాత కనీస ధర నిర్ణయించి, 30 దినముల వ్యవధితో వేలము ప్రకటింతురు.

ఇక్కడ ఒక విచిత్రమున్నది. అదే చట్టము 31వ సెక్షనులో వ్యవసాయ భూమి తాకట్టును మినహాయించినది. సాత్‌బారాలో సాగుభూమిగా నున్న చేనును బ్యాంకు ఈ చట్టము క్రింద వేలము వేయజాలదు. (సహకార సంఘముల వసూలు వేరు, వారికి 1960 నాటి మహారాష్ట్ర సహకార చట్టము కలదు, దానిక్రింద చేను కూడ జప్తు కావచ్చును. చేనున్నది గదా అని నిశ్చింతగా నుండరాదు.) ఇల్లు మాత్రము గ్రామములోనున్నను నాగపూర్ నడివీధిలోనున్నను ఒక్కటే. మోషే ధర్మశాస్త్రము గ్రామపు ఇంటిని పొలముతో చేర్చినది. మన చట్టము దానిని పట్టణపు ఇంటితో చేర్చినది. కాబట్టి కోఠారిలోని మన స్లాబు ఇల్లు, ఈ ఒక్క సంగతిలో, ప్రాకారముగల పట్టణములోని ఇల్లే. దానికి గడువు కలదు, గడువు దాటినచో తిరిగి రాదు.

ఆ గడువు ఎప్పటివరకు? మన సంఘములలో పదిమందిని అడిగినచో, పాట పాడు దినము వరకు ఉన్నదందురు. పూర్వము వారు చెప్పినది సరియే. అమ్మకమునకు నిర్ణయించిన తేదికి ముందు ఎప్పుడైనను బాకీ కట్టి విడిపించుకొనవచ్చునని చట్టములో నుండెను. 2016లో దానిని మార్చిరి. ఇప్పుడు వేలము ప్రకటన వెలువడుటకు ముందే మొత్తము బాకీ, ఖర్చులతో సహా, కట్టవలెను. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ మాటనే స్థిరపరచినది. నవీ ముంబయిలోని ఒక స్థలము 105 కోట్లకు పైగా పాటకు పోయిన తరువాత, అప్పుదారులు దానికి మించి 129 కోట్లు ఇచ్చి విడిపించుకొందుమని వచ్చిరి. హైకోర్టు ఒప్పుకొన్నది, సుప్రీంకోర్టు ఒప్పుకొనలేదు. సొమ్ము చేతనున్నది, దినము దాటినది. కోట్లు గలవారికే అట్లయినప్పుడు, వేలమునాటికి చిట్టి పాడి తెత్తుననువాని గతి యేమి?

కావున ఇల్లు నిజముగా పోవునది వేలము దినమున కాదు. మొదటి నోటీసు వచ్చిన తరువాత ఇంటిలో ఎవరును నోరు తెరవని ఆ రెండు మూడు నెలలలో పోవును. తండ్రి ఆ కాగితమును దుస్తుల క్రింద దాచును. భార్యకు తెలియదు. కుమారునికి తెలిసినను అడుగడు. ఆదివారము వచ్చి ముందు బల్లమీదనే కూర్చుండును, కానుక వేయును, అందరితో కరచాలనము చేయును. నోటీసు ఇంగ్లీషులో నుండును. పత్రికా ప్రకటన మరాఠీలో వచ్చును. మనవారిలో పెద్దలకు మరాఠీ మాట ధారాళముగా వచ్చును గాని, అక్షరములు చదువుట అనేకులకు రాదు. ప్రకటన వచ్చిన సంగతి పక్కింటివాడు చెప్పగా వినవలసి వచ్చును. అప్పటికి, పైన చెప్పినట్లు, విడిపించుకొను హక్కు ముగిసియే యుండును.

ఈ మౌనమునకు కారణము సిగ్గు. ఆ సిగ్గును పెంచినది మనమే అనక తప్పదు. ఒకని ఇంటికి బ్యాంకువారు వచ్చిరని తెలిసినచో ప్రార్థన కూటములో అతని పేరెత్తి ప్రార్థింతుము. కూటము ముగిసిన పిమ్మట అదే పేరు వీధిలో చెప్పుకొందుము. నెహెమ్యా 5వ అధ్యాయములో ప్రజలు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువ పెట్టితిమని మొరపెట్టిరి. వారు బహిరంగముగా మొరపెట్టగలిగిరి గనుకనే నెహెమ్యా వినగలిగెను. అతడు వినిన తరువాత కోపపడెను, ఆలోచించెను, సమాజమును కూర్చెను, పుచ్చుకొనిన నూరవ వంతును తిరిగి ఇప్పించెను. ఆ నూరవ వంతు నెలకని కొందరు పండితులందురు; అట్లయినచో సంవత్సరమునకు నూటికి 12 అగును. నేడు బ్యాంకు గృహ ఋణములో అంతకు తక్కువ పలుకుటయు కలదు! ఏమైనను, అతడు ముందుగా లెక్క చూచెనని గమనించుడి.

అయితే అప్పు తీసికొనినవాడు తీర్చనక్కరలేదని మేము చెప్పుట లేదు. అప్పుచేసి తీర్చనివానిని కీర్తన 37:21 ఏమని పిలిచినదో మీరెరుగుదురు. పెండ్లి పందిరికి, వీధి వారి మెప్పుకు అప్పుచేసి, పిదప బ్యాంకును దూషించుట క్రైస్తవునికి తగదు. ప్రవక్తల శిష్యుని విధవరాలు (2 రాజులు 4) దేవుడు నూనె నిచ్చిన తరువాత ముందు అప్పు తీర్చి, మిగిలిన దానితో బ్రదుకవలెనని ఎలీషా చెప్పెను. క్రమము చూచితిరా? మన వాడుకలో దీని అర్థము: ఇల్లు నిలుపుకొనలేమని తెలిసినచో, బ్యాంకు అమ్మకముందే మనమే, బ్యాంకు వ్రాతపూర్వక సమ్మతితో, ఊరి ధరకు అమ్ముకొనుట మేలు. వేలములో కనీస ధరకు దాపుగా పోవునది, మన చేతిమీదుగా మరికొంత పలుకవచ్చును. నోటీసు వచ్చిన తరువాత ఆ సమ్మతి లేకుండ అమ్మరాదు, జ్ఞాపకముంచుకొనుడి.

వేలము జరిగిపోయినను లెక్క ముగియదు. బాకీ 6 లక్షలు, పాట 9 లక్షలు, ఖర్చులు 30 వేలు అనుకొందము. మిగులు 2 లక్షల 70 వేలు హక్కుగల ఆ కుటుంబమునకు చేరవలెనని చట్టమే చెప్పుచున్నది. ఇది తెలియక అడుగనివారుందురు. పాట 5 లక్షలకే నిలిచినచో తక్కువైన సొమ్మునకు బ్యాంకు మరల రావచ్చును, ఇదియు తెలిసియుండవలెను.

పూటబడుటను గూర్చి ఒక మాట. సామెతలు 22:26-27లో పూటబడినవాని క్రిందనుండి పరుపు కూడ పోవుననిన హెచ్చరిక యున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒప్పందములో వేరే షరతు లేనియెడల, జామీనుదారుని బాధ్యత అప్పుదారుని బాధ్యతతో సమానము. సంఘములో మొగమాటమునకు సంతకము చేయుట ప్రేమ కాదు. మీ ఇంటివారితో ఆలోచింపక ఏ కాగితముమీదను వ్రాలు చేయవద్దు.

ఇక మిక్కిలి కష్టమైన ప్రశ్న. సహోదరుని ఇల్లు వేలమునకు వచ్చినచో మనము పాట పాడవచ్చునా? చవుకగా దొరకినది, దేవుడే ఇచ్చెనని సాక్ష్యము చెప్పువారు కలరు. చట్టము అడ్డగించదు. కొనుట పాపమని మేమును చెప్పజాలము. యిర్మీయా చెరసాల ప్రాకారములోనుండియే తన పినతండ్రి కుమారుడైన హనమేలు పొలమును 17 తులముల వెండికి కొనెను. కాని అతడు కొనినది విడిపించు బంధువుగా కొనెను. రూతు 4వ అధ్యాయములో మరియొకడున్నాడు. పేరైనను వ్రాయబడలేదు. పొలము విడిపింతువా అని బోయజు అడుగగా విడిపింతుననెను. పొలముతోకూడ రూతును కూడ సంపాదించి, చనిపోయినవాని పేరు నిలుపవలెననగానే, నా వలన కాదని చెప్పు తీసివేసెను. పొలము కావలెను, ఆ ఇంటివారు అక్కరలేదు. పాటకు పోవుటకు ముందు ఆ ఇంటి గుమ్మమెక్కి, సహోదరుడా, ఎంత తక్కువైనది అని అడుగనివాడు ఆ పేరులేనివాని వరుసలోనివాడని మా అభిప్రాయము. కొందరికి ఇది కఠినముగా తోచవచ్చును.

1876-78 నాటి గొప్ప కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించు కాంట్రాక్టు పుచ్చుకొని కరవుబాధితులకు కూలి కల్పించిన సంగతి మన సంఘ చరిత్రలో ప్రతి బాలుడు నేర్చినదే. ఆయన అప్పు ఇయ్యలేదు, పని ఇచ్చెను. వాయిదాలు తప్పిన ఇంటికి నేడును అట్టి సహాయమే మొదట కావలెను. దుకాణము గలవారు, కాంట్రాక్టులు గలవారు ఆ ఇంటి పిల్లవానికి ఆరు నెలలు పని చూపినచో, ఆ జీతమే బ్యాంకుతో వాయిదాలు తిరిగి కుదుర్చుకొనుటకు ఆధారమగును.

ప్రతి సంఘములో ఇద్దరు పెద్దలను, వీలైనచో వారిలో ఒక సహోదరిని, ఈ కాగితములు చదువుటకు ఏర్పరచుకొనుడని మనవి. వారు విన్నది ప్రార్థన కూటములో కూడ పలుకరాదు. వారు నోటీసు మీది మొత్తమును పాస్ బుక్కుతో సరిచూచి, 60 దినముల లోపల జవాబు వ్రాయించవలెను. అప్పుదారునితో కూడ బ్యాంకు మేనేజరు నొద్దకు పోయి, వాయిదాలు మార్చుటకో, ఒకేసారి తీర్మానమునకో విన్నవించవలెను. బాకీ అసలు వడ్డీలలో నూటికి 20 వంతులకు తక్కువైనచో ఈ చట్టమే వర్తించదు గనుక అదియు చూడవలెను. బ్యాంకు స్వాధీనపరచుకొనుటలో అన్యాయమున్నచో 45 దినములలో ఋణ వసూలు ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసికొనవచ్చును. మనకు అది నాగపూర్‌లో నున్నది. వకీలుకు సొమ్ము లేదని ఆగవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, పారిశ్రామిక కార్మికులకును ఉచిత న్యాయసహాయము కలదు. చంద్రపూర్ జిల్లా కోర్టులోని న్యాయసేవా కార్యాలయములో అడుగుడి.

పెద్దలయొద్దకు వచ్చునప్పుడు నోటీసు ఒక్కటే తేవద్దు. అది వచ్చిన కవరు, పాస్ బుక్కు, అప్పు మంజూరు పత్రము, ఇంటి పన్ను రశీదు కూడ తీసికొని రండి. మొదట చూడవలసినది నోటీసు మీది తేది. 60 దినములు లెక్కించునది ఆ తేది నుండియే.